గ్రెగోరియన్ గానం ఎలా మొదలుపెట్టాలి: నాలుగు చరణాల కీర్తన, ఒక్క బాణీ

లాటిన్‌లో ఏదైనా పాడదాం అనుకున్న క్వాయర్ మొట్టమొదట ‘మిస్సా దె ఆంజెలిస్’ అనే పూజ పాటల వరసలోని గ్లోరియా మీద పడుతుంది. అందరూ ఎక్కడో ఒకచోట విన్న బాణీ కాబట్టి సులువనిపిస్తుంది. కానీ పాఠం పొడుగు, ఉచ్చారణ కొత్త, స్వరలిపి కొత్త, పైగా ఒకే అక్షరం మీద మూడు నాలుగు స్వరాలు. ఇన్ని కష్టాలు ఒకేసారి మీద పడేసరికి నాలుగు వారాల్లో సగం మంది మానేస్తారు, మిగిలినవాళ్ళు రికార్డింగు విని గుడ్డిగా అనుకరిస్తారు.

కతోలిక సంఘపు పాత లాటిన్ పాట అయిన గ్రెగోరియన్ గానానికి మూలం పఠనం. లేఖనాన్ని ఒకే స్వరం మీద నిలిపి చదువుతూ, వాక్యం సగంలో ఒకసారి, చివర ఒకసారి స్వరాన్ని కాస్త కదిలించడమే దాని అసలు రూపం. మిగతా పెద్ద పాటలన్నీ దాని మీదే పెరిగాయి. అందుకే కీర్తనతో మొదలుపెట్టమని మా సలహా. కీర్తనల్లోకెల్లా చిన్నది మన తెలుగు బైబిలులో 117వది. పాత లాటిన్ లెక్కలో అది 116. రెండే చరణాలు, వాటికి త్రిత్వ స్తుతి (పితకు, పుత్రునికి, పవిత్రాత్మకు మహిమ అనే ‘గ్లొరిఅ పత్రి’) రెండు చరణాలు కలిపితే నాలుగు. దివ్యసత్ప్రసాద ఆశీర్వాదం ముగిశాక ఈ కీర్తన పాడటం లాటిన్ సంప్రదాయంలో ఎప్పటినుంచో ఉంది. నేర్చుకున్నది గుడిలో వెంటనే పనికొస్తుంది.

లాటిన్ పాట పాడటానికి పూజంతా లాటిన్‌లో ఉండనక్కర్లేదు. రెండో వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధన పత్రం 116వ పేరాలో గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానం ఇచ్చింది. అయినా ఎక్కడ, ఎప్పుడు పాడాలో విచారణ గురువుతో ముందే మాట్లాడుకోండి.

ఏమేం కావాలి

ఆరు నుంచి పది మంది. నలభై ఐదేసి నిమిషాల అభ్యాసాలు నాలుగు. పాఠాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చేసిన కాగితం మనిషికొకటి, పెన్సిలు. శ్రుతి ఇవ్వడానికి హార్మోనియం లేదా శ్రుతిపెట్టె చాలు. తబలా, డోలక్, కీబోర్డు రిథమ్ అవసరం లేదు. ఈ గానానికి తాళం లేదు, మాట నడకే దాని లయ.

మొదటి అభ్యాసం: నోరు

ఆ రోజు హార్మోనియం తెరవకండి. పాఠం ఇది. పక్కన చిన్న గీత ఉన్న అక్షరం మీద ఊనిక, చుక్క గుర్తు (*) ఉన్నచోట విరామం.

లౌ-ద'-తె దొ'-మి-నుమ్ ఒమ్'-నెస్ జెన్'-తెస్ * లౌ-ద'-తె ఎ'-ఉమ్ ఒమ్'-నెస్ పొ'-పు-లి.

క్వొ'-ని-అమ్ కొన్-ఫిర్-మ'-త ఎస్త్ సు'-పెర్ నొస్ మి-సె-రి-కొర్'-ది-అ ఎ'-యుస్ * ఎత్ వె'-రి-తస్ దొ'-మి-ని మ'-నెత్ ఇన్ ఎ-తెర్'-నుమ్.

గ్లొ'-రి-అ ప'-త్రి ఎత్ ఫి'-లి-ఒ * ఎత్ స్పి-రి'-తు-ఇ సంక్'-తొ.

సి'-కుత్ ఎ'-రత్ ఇన్ ప్రిన్-చి'-పి-ఒ ఎత్ నుంక్ ఎత్ సెమ్'-పెర్ * ఎత్ ఇన్ సె'-కు-ల సె-కు-లొ'-రుమ్ అ'-మెన్.

సర్వ జాతులారా ప్రభువును స్తుతించండి, సర్వ ప్రజలారా ఆయనను కొనియాడండి. మన మీద ఆయన కృప స్థిరపడింది, ప్రభువు సత్యం నిరంతరం నిలుస్తుంది – ఇదీ భావం. బృందంలో ప్రతి ఒక్కరికీ ఏ మాటకు ఏ అర్థమో తెలిసేదాకా ముందుకు వెళ్ళకండి. అర్థం తెలియని నోరు ఎక్కడ ఊపిరి తీయాలో కూడా తెలుసుకోలేదు.

తెలుగువాళ్ళ నోటికి ఈ భాషలో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. మన అచ్చులు ఇంగ్లీషు అచ్చుల్లా జారవు, పెట్టిన చోటే నిలుస్తాయి. లాటిన్‌కు కావలసింది అదే. తప్పులు వచ్చేది మరో నాలుగు చోట్ల.

అన్నిటికంటే పెద్దది త, ద. రోమన్ లిపిలో టీ, డీ కనిపించగానే ఇంగ్లీషు బడి అలవాటుతో నాలుక మడతపడి ట, డ వచ్చేస్తాయి. ‘లౌడాటె డోమినుమ్’ అని పది మంది కలిసి అంటే అక్షరానికోసారి సుత్తి పడ్డట్టుంటుంది. లాటిన్‌వి పళ్ళకు ఆనించే త, ద. కాగితం తెలుగు లిపిలో ఇవ్వమనడానికి ముఖ్య కారణం ఇదే. తెలుగులో ‘దొమినుమ్’ అని చూసినవాళ్ళు డ అనరు.

తర్వాతిది మాట చివరి హల్లు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక ‘దొమినుమ్ము’, ‘జెన్తెస్సు’, ‘ఎత్తు’ అనేస్తాం. ఒక్కొక్కరిది ఒక్కో క్షణంలో పడి ‘స్’ శబ్దం గుడంతా చిలికినట్టు వినిపిస్తుంది. దీనికి మందు ఒకటే: చివరి అచ్చును చివరిదాకా పట్టి, నడిపించేవారి చెయ్యి ఆగిన క్షణంలో హల్లును తేలిగ్గా తాకి వదలడం.

మాట మొదట ఎ, ఒ ఉంటే మనకు తెలియకుండానే ముందు య, వ చేరతాయి. ‘యెత్’, ‘వొమ్నెస్’ అవుతాయి. అద్దంలో చూస్తూ అనండి. ‘ఒమ్నెస్’కు పెదవులు ముందే గుండ్రంగా ఉండాలి, ఒకదానికొకటి దగ్గరై విడిపోకూడదు.

ఇక పొట్టి అ. మన ‘అ’ నోరు సగమే తెరుస్తుంది. లాటిన్‌లో ‘ఆ’కు తెరిచినంత నోరు తెరిచి, పొడవు మాత్రం పొట్టిగా ఉంచాలి. పై పాఠంలో అ ఉన్న ప్రతిచోటా ఇదే.

ఊనిక గురించి కొంచెం ఓపిగ్గా చెప్పండి, ఎందుకంటే తెలుగు మాటల్లో అర్థం ఊనిక మీద ఆధారపడదు, మన చెవి దాన్ని వెతకదు. లాటిన్‌లో ప్రతి మాటలో ఒక అక్షరం కాస్త పైకి లేస్తుంది. రెండక్షరాల మాటలో అది మొదటిదే. అంతకన్నా పొడుగు మాటల్లో చివరినుంచి రెండోదో మూడోదో. పుస్తకాల్లో దాని నెత్తిన వాలుగీత అచ్చు వేస్తారు. ఊనిక అనగానే మనవాళ్ళు ఆ అక్షరాన్ని సాగదీస్తారు: ‘లౌదాఆతె’. అన్ని అక్షరాల నిడివీ దాదాపు ఒకటే. ఊనిక ఉన్నది కొంచెం లేస్తుంది, దాని తర్వాతవి తేలికవుతాయి. అంతకుమించి ఏమీ లేదు.

ఇప్పుడు నాలుగు చరణాలూ మామూలు మాట వేగంతో, అందరూ కలిసి చదవండి. తర్వాత ఒకే స్వరం మీద చదవండి. రెండో చరణం మొదటి సగంలో 19 అక్షరాలున్నాయి. అవి ఒక్క ఊపిరిలో రావాలి. రాకపోతే ఊపిరి తక్కువై కాదు, వేగం తక్కువై. భక్తి అంటే నెమ్మది అన్న అపోహతో ఈ గానాన్ని ఈడ్చడం చాలాచోట్ల ఉంది; ఈడిస్తే వాక్యం విరిగిపోతుంది, శ్రుతి కూడా దిగిపోతుంది.

రెండో అభ్యాసం: ఎనిమిదో బాణీ

లాటిన్ కీర్తనలకు ముఖ్యమైన బాణీలు ఎనిమిది. ఎనిమిదోదాన్ని, పుస్తకాల్లో ‘8 జీ’ అని గుర్తు వేసే ముగింపుతో తీసుకుందాం. సరిగమల్లో చెబితే చాలా తేలిక. ‘దో’ను షడ్జం అనుకోండి.

ఎత్తుగడ: మంద్ర పంచమం, మంద్ర ధైవతం, షడ్జం.
పఠనం: షడ్జం మీదే, ఎన్ని అక్షరాలున్నా.
సగంలో ముగింపు: ఊనిక అక్షరం రిషభం, తర్వాతిది షడ్జం.
చివర ముగింపు: మంద్ర నిషాదం, షడ్జం, ఊనిక అక్షరం మంద్ర ధైవతం, చివరిది మంద్ర పంచమం.

అన్నీ శంకరాభరణం స్వరాలే: చతుశ్శ్రుతి రిషభం, చతుశ్శ్రుతి ధైవతం, కాకలి నిషాదం. షడ్జాన్ని ఆరు శ్రుతిలో, అంటే కీబోర్డు వాళ్ళు ‘ఏ’ అనే తెల్ల మెట్టు మీద పెట్టండి. దాని ఎడమ పక్క నల్ల మెట్టు నిషాదం, దానికి ఎడమ నల్ల మెట్టు ధైవతం, అక్కణ్ణించి ఎడమకు రెండో తెల్ల మెట్టు పంచమం. ఆడవాళ్ళకూ, ఒక స్థాయి కింద మగవాళ్ళకూ ఇది హాయిగా ఉంటుంది. బొంగురు గొంతులు ఎక్కువుంటే ఐదున్నరకో ఐదుకో దించండి. ఈ గానంలో శ్రుతి స్థిరం కాదు, పాడేవాళ్ళకు ఏది అనువో అదే.

మొదటి చరణంలో ‘లౌ’ పంచమం, ‘ద’ ధైవతం, ‘తె’ షడ్జం. అక్కణ్ణించి ‘దొమినుమ్ ఒమ్నెస్’ అంతా షడ్జమే. ‘జెన్’ రిషభం, ‘తెస్’ షడ్జం. విరామం. రెండో సగం షడ్జం మీదే మొదలవుతుంది. ‘ఒమ్’ నిషాదం, ‘నెస్’ షడ్జం, ‘పొ’ ధైవతం, ‘పు’ పంచమం, ‘లి’ పంచమం.

ఆ చివర గమనించండి. ‘పొపులి’లో ఊనిక చివరినుంచి మూడో అక్షరం మీద ఉంది, అందుకే ఒక అక్షరం మిగిలింది. మిగిలిన అక్షరం చివరి స్వరం మీదే పడుతుంది. పుస్తకాల్లో దీనికోసం బోలు గడి (లోపల ఖాళీగా ఉన్న చదరపు స్వరం గుర్తు) అచ్చు వేస్తారు. మూడో చరణంలో ‘ఫిలిఒ’ దగ్గర కూడా ఇదే: ‘ఫి’ రిషభం, ‘లి’, ‘ఒ’ రెండూ షడ్జం.

రెండో చరణంలో ‘ఎ’ రిషభం, ‘యుస్’ షడ్జం. చివర ‘ఇన్’ నిషాదం, ‘ఎ’ షడ్జం, ‘తెర్’ ధైవతం, ‘నుమ్’ పంచమం. మూడో చరణం చివర ‘తు’, ‘ఇ’, ‘సంక్’, ‘తొ’ అదే వరసలో. నాలుగోదానికి సగంలో ‘సెమ్-పెర్’, చివర ‘లొ-రుమ్-అ-మెన్’. కాగితం మీద ఊనిక ముగింపు అక్షరాల కింద పెన్సిలుతో గీత, వాటి ముందున్న రెండు సన్నాహక అక్షరాల కింద చుక్క పెట్టించండి. అచ్చు పుస్తకాలు ఇదే పనికి ముద్దక్షరాలు, వాలు అక్షరాలు వాడతాయి.

ఎత్తుగడ మొదటి చరణానికి మాత్రమే. మిగతావి నేరుగా షడ్జం మీద మొదలవ్వాలి. ఈ ఒక్క విషయం మరిచిపోయి ప్రతి చరణానికీ ప-ద-స ఎక్కేవాళ్ళు ప్రతి బృందంలోనూ ఉంటారు. ప్రతి చరణానికీ ఎత్తుగడ ఉండేది మరియమాత స్తోత్రం ‘మాగ్నిఫికాత్’ వంటి సువార్త గీతాలకు.

ఎక్కడ చెడుతుంది

శ్రుతి దిగిపోవడం. నాలుగు చరణాలకే అర మెట్టు కిందికి జారడం మామూలు. జారేది రెండు చోట్ల. ఒకటి, షడ్జం మీద వరసగా పదీ పదిహేను అక్షరాలు చదివేటప్పుడు. ప్రతి అక్షరాన్నీ కొత్తగా, కొంచెం పైనుంచి అందుకుంటున్నట్టు పాడమనండి. రెండు, నిషాదం. సంగీతం నేర్చుకున్న గొంతు నిషాదాన్ని ఊపుతుంది, నేర్చుకోని గొంతు మరీ కిందికి దించుతుంది. రెండూ పనికిరావు. అది షడ్జానికి ఆనుకునే ఉండాలి, దింపీ దింపనట్టు.

గమకాలు. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళు బృందానికి పెద్ద బలం, శ్రుతి పట్టు వాళ్ళదే. కానీ వాళ్ళను ఒక్కటి కోరండి: స్వరం నుంచి స్వరానికి జారు వద్దు, కంపితం వద్దు. ధైవతం నుంచి పంచమానికి శుభ్రంగా అడుగు వేయాలి. ఒక్క గొంతులో జారు ఉన్నా పది గొంతులు ఒకటిగా వినిపించవు.

గట్టిగా పాడటం. పక్కవాళ్ళ గొంతు తన గొంతుకన్నా ఎక్కువ వినిపించాలి. వినిపించకపోతే తాను గట్టిగా ఉన్నట్టే. మైకు ఒకరి నోటి దగ్గర పెడితే ఇదంతా వృథా. గుడి చిన్నదైతే తీసేయండి, పెద్దదైతే బృందానికి ముందు నాలుగైదు అడుగుల దూరంలో ఒక్కటే నిలబెట్టండి.

మూడో అభ్యాసం: రెండు పక్కలు, ఒక మౌనం

బృందాన్ని రెండుగా చీల్చి ఎదురెదురుగా నిలబెట్టండి. ఒక గొంతు మొదటి చరణాన్ని విరామం గుర్తు దాకా ఒంటరిగా ఎత్తుతుంది, అక్కణ్ణించి ఆ పక్కవాళ్ళంతా కలుస్తారు. రెండో చరణం ఎదుటివాళ్ళది. మూడోది మళ్ళీ ఇటు.

విరామం ఎక్కడ ఎంత అన్నదే ఈ గానానికి ప్రాణం, కొత్తవాళ్ళు సరిగ్గా తలకిందులు చేసేదీ ఇదే. చరణం మధ్యలో నిజమైన మౌనం ఉండాలి: హాయిగా ఊపిరి తీసి, మరో రెండక్షరాల కాలం ఆగేంత. చరణానికీ చరణానికీ మధ్య మాత్రం ఖాళీ ఉండకూడదు. ఇటువాళ్ళ చివరి అక్షరం ముగియగానే అటువాళ్ళు అందుకోవాలి. అలవాటు కొద్దీ మనం మధ్యలో పరుగెత్తి చివర ఆగుతాం. మొదట్లో నడిపించేవారు మధ్య మౌనాన్ని చేత్తో పట్టి చూపించాలి. వారం తిరిగేసరికి అందరూ కలిసి ఊపిరి తీస్తారు, ఇక చెయ్యి అక్కర్లేదు.

‘గ్లొరిఅ పత్రి’ దగ్గర తల వంచడం ఆచారం. కాగితం మీద పడి వంగకుండా, ఆ చరణం కంఠతా వచ్చి ఉంటే మంచిది.

నాలుగో అభ్యాసం: నాలుగు గీతలు

ఇప్పుడు స్వరలిపి తెరవండి. నాలుగే గీతలు. మొదట్లో ఉన్న గుర్తు ఏ గీతను పట్టుకుని ఉందో అది ‘దో’, అంటే మీ షడ్జం. ఇంకోరకం గుర్తు ఉంటుంది, అది ‘ఫా’ను, అంటే మధ్యమాన్ని చూపిస్తుంది. గీత, ఖాళీ, గీత – ఒక్కోటి ఒక్కో స్వరం. గ-మ మధ్య, ని-స మధ్య అర మెట్టు. మార్పు గుర్తు పడేది నిషాదానికి ఒక్కదానికే, అప్పుడది కైశికి. ‘ఉత్ (ఇప్పటి దో), రె, మి, ఫా, సోల్, లా’ అనే పేర్లను 11వ శతాబ్దంలో అరెత్సోకు చెందిన గ్విదో అనే సన్యాసి బాప్తిస్మ యోహాను గీతంలోని పాదాల మొదటి అక్షరాల నుంచి తీశారు.

విడి చదరపు గడి ఒక స్వరం. ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టున్న రెండు గడులు కనిపిస్తే కింది స్వరం ముందు, పైది తర్వాత. పై స్వరం నుంచి కిందికి సన్నగీతతో దిగితే పైది ముందు. మందంగా వాలుగా సాగే గీత అందరినీ తికమక పెడుతుంది: దాని మొదలు, చివర – ఈ రెండు స్వరాలే పాడాలి, మధ్యలోవి కాదు. స్వరం పక్కన చుక్క ఉంటే నిడివి రెట్టింపు. వరస చివర కనిపించే చిన్న సగం గడిని పాడకూడదు. తర్వాతి వరస ఏ స్వరంతో మొదలవుతుందో అది ముందే చెబుతోంది. చుక్కలు, చిన్న గీతలు ఫ్రాన్స్‌లోని సొలేమ్ మఠం సన్యాసులు పాడేవాళ్ళ సాయం కోసం చేర్చినవి. 1833లో మళ్ళీ తెరిచిన ఆ మఠమే పాత చేతిరాత ప్రతులు పోల్చి ఈ గానాన్ని తిరిగి నిలబెట్టింది.

పల్లవితో, అంటే కీర్తనకు ముందూ వెనకా పాడే చిన్న పాటతో, పాడేటప్పుడు కీర్తన బాణీని నిర్ణయించేది పల్లవే. దాని మొదట్లో ఉన్న అంకె బాణీ సంఖ్య. పల్లవి చివర స్వరాల కింద ‘ఎ ఉ ఒ ఉ అ ఎ’ అనే అక్షరాలు కనిపిస్తాయి. కంగారు పడకండి, అవి ‘సెకులొరుమ్ అమెన్’లోని అచ్చులే, ముగింపు ఎలా పాడాలో చూపిస్తున్నాయి. ఆశీర్వాదం తర్వాత ఈ కీర్తనకు ‘అదొరెముస్ ఇన్ ఎతెర్నుమ్’ పల్లవి కలపాలనుకుంటే మీ పుస్తకంలో దానికిచ్చిన బాణీలోకి కీర్తనను మార్చుకోండి. మాటలు నోట్లో ఉన్నాయి కనుక అది అరగంట పని.

తర్వాత ఏది

1974లో ఆరవ పౌలు పోపు గారు విశ్వాసులందరూ నేర్చుకోదగ్గ కొద్దిపాటి పాటలను ‘యూబిలాతె దేఓ’ అనే చిన్న పుస్తకంగా పంపారు. దాన్ని సంపాదించండి. అందులో 18వ పూజ పాటల వరసలోని సాంక్తుస్, అగ్నుస్ దేయి ముందు తీసుకోవచ్చు. పఠనానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి పది రోజుల్లో వస్తాయి. వాటికి కొత్తగా కావలసిన ఉచ్చారణ కొద్దిగానే: ఎ, ఇ ముందు ‘సి’ అక్షరం చ అవుతుంది, ‘జీ’ జ అవుతుంది (తెలుగు చ, జ లు కూడా ఆ అచ్చుల ముందు అలాగే పలుకుతాయి కనుక మనకు ఇబ్బంది లేదు), ‘గ్న’ అని రాసి ఉంటే ఞ పలకాలి, అందుకే ‘అగ్నుస్’ని ‘అఞుస్’ అంటారు. ‘ఎక్సెల్సిస్’ని ‘ఎక్‌షెల్సిస్’ అనాలి. ‘హెచ్’ పలకదు.

ఆ తర్వాత మరియమాత పాట ‘సల్వె రెజీనా’, తేలిక బాణీది. మొదటి ఐదు అక్షరాలకు ఐదు స్వరాలు: స, గ, ప, ద, ప. అన్నిటికన్నా పై స్వరం, ధైవతం, ‘రెజీనా’లో ఊనిక పడే ‘జీ’ మీదే వస్తుంది. దాన్ని నేర్పేటప్పుడు స్వరాలు వాయించి వినిపించకండి. ముందు ‘సల్వె రెజీనా’ అని మూడుసార్లు మాట్లాడించండి, ఊనిక కుదిరాక ఎత్తించండి. పొడుగు కావడం వల్ల కాదు, పైకి లేవడం వల్లే ‘జీ’ వినిపించాలి. సాగదీసినవాళ్ళుంటే మళ్ళీ మాటకే తీసుకెళ్ళండి.